దీపాలదిన్నె కింది సమాధులు: ధరణికోట చరిత్రని ఎక్కడినుంచి మొదలెట్టాలి?

ధరణికోట గురించి రాసేవాళ్ళు దాదాపు అందరూ రాజులతోనే మొదలెడతారు. శాతవాహనుల ధాన్యకటకం, ఆ తర్వాత కోట వంశం, చివర్న వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు. ఈ వరస మన పాఠ్యపుస్తకాలకీ, పర్యాటక శాఖ కరపత్రాలకీ, ఊళ్ళో గైడు చెప్పే మాటలకీ ఒకటే. మధ్యలో బుద్ధుడు వస్తాడు, వెళ్ళిపోతాడు. మనుషులు మాత్రం రారు. ఆ రాళ్ళు ఎత్తినవాళ్ళు, కుండలు కాల్చినవాళ్ళు, చచ్చి ఆ నేలలోనే కలిసినవాళ్ళు ఎక్కడా కనపడరు.

మేము ఈ వ్యాసంలో ఆ వరసని తిరగెయ్యదలిచాం. రాజుల దగ్గర కాకుండా సమాధుల దగ్గర మొదలెడతాం. ఎందుకంటే ధరణికోట, అమరావతి నేలలో అట్టడుగున దొరికింది ఏ రాజుగారి శాసనమూ కాదు. దొరికింది ఎరుపు నలుపు కలిసిన కుండపెంకులు, కుండల్లో పెట్టి పాతిన ఎముకలు. తెలుగునేల మీద వేలాది చోట్ల బండరాళ్ళ వలయాల కింద దొరికే సరుకు కూడా ఇదే. దీన్ని పురావస్తు శాస్త్రవేత్తలు బృహత్‌శిలా సంస్కృతి అంటారు. ఇంగ్లీషులో మెగాలిథిక్. మన ఊళ్ళల్లో రాకాసి గుళ్ళు అంటారు.

ముందు ఈ పేరు సంగతి చూద్దాం. పొలంలోనో, గుట్ట వాలులోనో మనిషి కదపలేనంత బండరాళ్ళు గుండ్రంగా పేర్చి ఉంటాయి. కొన్నిచోట్ల నాలుగు పలకరాళ్ళు నిలబెట్టి మీద ఒక పెద్ద బండ కప్పి ఉంటుంది, చిన్న గది మాదిరి. కొన్నిచోట్ల నిలువురాళ్ళు మాత్రమే ఉంటాయి. వీటిని రాకాసి గుళ్ళు, రాకాసి బండలు అని కొందరూ, పాండవుల గుళ్ళు అని కొందరూ పిలుస్తారు. రెండు పేర్లలోనూ ఒకటే సంగతి ఉంది: ఇవి మామూలు మనుషులు కట్టినవి కావు అని. అయితే రాక్షసులు కట్టాలి, లేకపోతే భారతంలో వీరులు కట్టాలి. మన తాతముత్తాతలు తమ చేతుల్తో కట్టారనే ఊహ ఆ పేర్లలో లేదు. ఎవరి కథ ఊరిని ఏలుతుందో వాళ్ళ కథలోనే పాత రాళ్ళకి కూడా చోటు దొరుకుతుంది. పురాణాల్లో రాక్షసులని ఎవరిని అన్నారో, ఎందుకన్నారో ఈ పత్రిక చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ సమాధుల్ని ఎట్లా కట్టేవారో తవ్వకాల వల్ల బాగానే తెలిసింది. నేలలో గొయ్యి తవ్వుతారు. అందులో ఎముకలు పెడతారు. చాలాచోట్ల ఒళ్ళు మొత్తం కాదు, ముందు ఎక్కడో ఉంచి, ఎండిన తర్వాత ఏరుకొచ్చిన ఎముకలు మాత్రమే. పక్కన కుండలు, గిన్నెలు, ఇనప కత్తులు, గొడ్డళ్ళు, బాణపు ములుకులు, ఒక్కోసారి పూసలు పెడతారు. గొయ్యి పూడ్చి, పైన రాళ్ళ గుట్ట పోసి, చుట్టూ పెద్ద బండలు వలయంగా దొర్లిస్తారు. కాలం క్రీ.పూ. సుమారు 1200 నుంచి 300 దాకా అంటారు. కొన్నిచోట్ల ఇంకా కింది కాలం దాకా కూడా సాగింది.

ఇందులో పనితనం చూడండి. ఎరుపు నలుపు కుండ అంటే లోపలా మూతి దగ్గరా నల్లగా, బయట కింది భాగం ఎర్రగా ఉండే కుండ. రంగు పూసి చేసింది కాదది. కుండని బోర్లించి ఆవంలో కాలిస్తే గాలి ఆడని చోట నల్లబడుతుంది, గాలి తగిలిన చోట ఎర్రబడుతుంది. మంటనీ గాలినీ అదుపులో పెట్టడం తెలిసినవాళ్ళే ఈ పని చెయ్యగలరు. ఇనుము సంగతీ అంతే. రాయిని కరిగించి ఇనుము తియ్యాలంటే బొగ్గు కావాలి, తిత్తి కావాలి, తిత్తికి తోలు కావాలి, తోలుకి దాన్ని పదును చేసేవాడు కావాలి. బండ సంగతి కూడా చూస్తే, గ్రానైటు బండ మీద మంటవేసి, వేడికి పొర లేచేట్టు చేసి పలకలు తియ్యటం ఒడ్డెరలు మొన్నమొన్నటిదాకా చేసిన పని. అంటే ఒక్క సమాధి కట్టాలంటే కుమ్మరి, కమ్మరి, తోలుపని, రాతిపని నాలుగూ కావాల్సిందే. మంత్రం చదివేవాడు ఉన్నాడో లేదో ఆ గోతుల్లో ఆనవాలు లేదు. పని చేసినవాళ్ళ ఆనవాలు మాత్రం ప్రతి పెంకులోనూ ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ పని చేసినవాళ్ళు ఇవ్వాళ్టి మాదిగలే, కుమ్మర్లే, ఒడ్డెరలే అని మేము అనటం లేదు. అట్లా అనటానికి ఆధారం లేదు. మూడువేల ఏళ్ళనాటి గోతిలో ఎముకకి కులం పేరు రాసిపెట్టి ఉండదు. పని ఉంది, పనిని బట్టి పుట్టుక అంటగట్టే పద్ధతి అప్పటికి ఉందని ఎవరూ రుజువు చెయ్యలేదు. మన మిత్రులు కొందరు ఉత్సాహంతో ఈ సమాధులన్నీ దళితుల సమాధులే అని రాసేస్తున్నారు. అట్లా రాస్తే పాండవుల గుళ్ళు అన్నవాళ్ళకీ మనకీ తేడా ఉండదు. మేము అడిగేది వేరు. ఈ పనులన్నీ ఒకప్పుడు గౌరవంగా సమాధిలో చోటు సంపాదించినవే గదా, మరి అవే పనులు ఎప్పుడు, ఎట్లా అంటరానివయ్యాయి? ధరణికోట ఈ ప్రశ్నకి కొంత జవాబు చెప్తుంది. అందుకే ఈ వ్యాసం.

పలనాడులో ఈ సమాధులకి అన్నింటికన్నా పేరున్న చోటు నాగార్జునకొండ. అక్కడ 1954 నుంచి 1960 దాకా పెద్దఎత్తున తవ్వారు. కారణం చరిత్ర మీద ప్రేమ కాదు, ఆనకట్ట. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. లోయ మునిగిపోతుంది కాబట్టి ఆదరాబాదరాగా తవ్వారు. ఇక్ష్వాకుల విహారాలు, స్తూపాలతో పాటు అంతకు పూర్వపు రాతి వలయాల సమాధులు కూడా బయటపడ్డాయి. ఒక సమాధిని ఇప్పుడు దీవి మీద తిరిగి పేర్చి పెట్టారు. లాంచీలో వెళ్ళినవాళ్ళు బుద్ధుడి విగ్రహాలు చూసి, ఫొటోలు దిగి, ఈ రాళ్ళ దగ్గర ఆగకుండా వస్తారు. విద్యార్థులు వెళితే అక్కడ ఆగి చూడమని మా మనవి. మునిగిన లోయలో ఇక్ష్వాకుల కన్నా ముందు బతికిన జనం గుర్తులు అవి.

ఇప్పుడు అమరావతికి వద్దాం. కృష్ణ కుడి ఒడ్డున ధరణికోట, అమరావతి ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డప్పుడు ఈ మండలం గుంటూరు జిల్లా నుంచి అందులోకి వచ్చింది. ధరణికోట అంటే పాత నగరం, మట్టికోట. అమరావతి అంటే ఆ నగరం పక్కన మహాస్తూపం ఉన్న చోటు. స్తూపం ఉన్న దిబ్బని జనం దీపాలదిన్నె అనేవారు.

1905 నుంచి 1909 మధ్య అలెగ్జాండర్ రే ఈ దిబ్బ చుట్టూ తవ్వినప్పుడు స్తూపం పక్కన మట్టికుండల్లో ఎముకలు పెట్టి పాతిన సమాధులు కనిపించాయి. తర్వాత 1958-59లో ఆర్. సుబ్రహ్మణ్యం, కె. కృష్ణమూర్తి, 1973-74లో ఐ.కె. శర్మ ఇక్కడ తవ్వారు. ధరణికోటలో 1962 నుంచి 1965 దాకా ఎం. వెంకటరామయ్య, కె. రాఘవాచారి తవ్వారు. స్తూపం దగ్గరా కోటలోనూ కింది పొరల్లో ఆ ఎరుపు నలుపు కుండపెంకులే వచ్చాయి. కొన్నింటి మీద గీతలు, గుర్తులు ఉన్నాయి. తర్వాత పొరల్లో ఉత్తరాది నుంచి వచ్చిన నున్నటి నల్లకుండలు, బ్రాహ్మీ అక్షరాలు గీసిన పెంకులు వచ్చాయి. కోట దగ్గర కృష్ణలోకి కలిసే కాలవ, దాని గట్టున ముందు కర్రలతో, తర్వాత ఇటుకలతో కట్టిన రేవు బయటపడ్డాయి. అంటే ఓడలు వచ్చే ఊరు ఇది. అయితే ఆ ఊరు పుట్టింది రేవు దగ్గరా కాదు, రాజు దగ్గరా కాదు. ఎరుపు నలుపు కుండలు వాడినవాళ్ళ పల్లె మీద పుట్టింది.

రే చూసిన సమాధులు స్తూపం కన్నా ముందువా, తర్వాతవా అని పండితుల్లో వాదం ఉంది. ముందువే, పాత శ్మశానం మీదే స్తూపం లేచింది అని ఒక పక్షం. గ్రెగరీ షోపెన్ 1987లో ఇంకో మాట అన్నాడు. స్తూపంలో బుద్ధుడు సజీవంగా ఉన్నాడని నమ్మిన జనం, తమ వాళ్ళ అస్థికల్ని ఆయనకి వీలైనంత దగ్గరగా పాతుకోవాలని ఆశపడ్డారు, స్తూపాల చుట్టూ చిన్నచిన్న స్తూపాలు, సమాధులు గుంపుగా ఉండటానికి కారణం అదే అని. విశాఖపట్నం దగ్గర తొట్లకొండలో విహారం చుట్టూ ఉన్న రాళ్ళగుట్టల్ని సర్వే చేసిన లార్స్ ఫోగెలిన్ కూడా, బౌద్ధం వచ్చాక పాత రాతి సమాధుల పద్ధతి ఆగిపోలేదు, విహారం నీడలోనే సాగింది అన్నాడు.

మా దృష్టిలో ఈ రెండు పక్షాల్లో ఏది నెగ్గినా మన ప్రశ్నకి ఒకటే జవాబు వస్తుంది. సమాధులు ముందువైతే, బౌద్ధులు జనం శ్మశానాన్ని మైల అనుకోలేదు, అక్కడే తమ గొప్ప కట్టడం కట్టుకున్నారు. తర్వాతవైతే, జనం తమ పాత ఆచారంతోనే బుద్ధుడి పక్కకి వచ్చారు, ఎవరూ తరిమెయ్యలేదు. శవం దగ్గరికి వెళ్తే స్నానం చెయ్యాలి, శ్మశానం ఊరి బయట ఉండాలి, కాటికాపరి అంటరానివాడు అనే ధర్మానికి ఇది పూర్తిగా ఎదురు. వైదికులకి చావు మైల. బౌద్ధులకి ఎముక పూజనీయం. స్తూపం అంటేనే ఎముకల మీద పోసిన గుట్ట.

ఇప్పుడు రాతి వలయాన్నీ స్తూపాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో ఎముకలు. వాటిమీద గుట్ట. గుట్ట చుట్టూ రాళ్ళు. గొప్ప శిల్పుల పేరు తెచ్చిన పాలరాయి లాంటి పలనాటి సున్నపురాయి చెక్కడాలు అమరావతికి తర్వాత వచ్చాయి. మొదట్లో స్తూపం చుట్టూ నిలబెట్టినవి నగిషీ ఏమీ లేని గ్రానైటు స్తంభాలు. మోటుగా చెక్కి నిలబెట్టిన రాళ్ళు. ఆ రాళ్ళు నిలబెట్టిన చేతులకి నిలువురాయి ఎత్తటం కొత్త పని కాదు అనుకోవటంలో తప్పులేదు. స్తూపం ఆకారం ఉత్తరాది నుంచి వచ్చింది, కాదనం. కానీ దాన్ని ఈ నేల ఇంత సులువుగా తనదిగా చేసుకోవటానికి కారణం ఈ నేల మీద చనిపోయినవాళ్ళకి గుట్ట పోసి రాళ్ళు చుట్టటం అప్పటికే వందల ఏళ్ళ ఆచారం కావటమే. బౌద్ధం ఆంధ్రకి వచ్చింది అని మాత్రమే మన పుస్తకాలు రాస్తాయి. ఆంధ్ర జనం బౌద్ధానికి ఏమిచ్చారు అని రాయవు.

ఆ జనం ఎవరో కొంత తెలుసుకోవటానికి శాసనాలు ఉన్నాయి. అమరావతి శాసనాల్లో రాజుల పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. మిగతావన్నీ గృహస్థులు, భిక్షుణులు, వితంతువులు, వర్తకులు, అత్తరు అమ్మేవాళ్ళు. దమిల అంటే ద్రావిడ అన్నదమ్ములు తమ చెల్లెలితో కలిసి ఇచ్చిన రాయి ఒకటి ఉంది. ఒక పాత రాతి ఫలకం మీద ధంనకడ ఊరి గోఠి పేరుంది. గోఠి అంటే జనం కూడి పెట్టుకున్న సంఘం. ఊరి పేరు ధంనకడ అని జనం నోట్లో ఉన్నట్టే ప్రాకృతంలో చెక్కారు. ధాన్యకటకం అనేది తర్వాత చేసిన సంస్కృతం.

అన్నింటిలోకీ మనకి ముఖ్యమైన శాసనం ఇంకొకటి ఉంది. విధికుడు అనే ఒకతను ఇచ్చిన పలక అది. అందులో అతను తన గురించి చెప్పుకున్నదాని సారాంశం ఇది: నేను నాగ ఉపాధ్యాయుడి కొడుకుని, చమ్మకారుణ్ణి. మా అమ్మతో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, బంధుమిత్రులతో కలిసి ఈ పూర్ణఘటం పలకని ఇస్తున్నాను. చమ్మకారుడు అంటే తోలుపని చేసేవాడు. కాలం క్రీ.శ. 2, 3 శతాబ్దాలు.

ఈ నాలుగు మాటల్ని మెల్లగా చదవాలి. తోలుపనివాడి తండ్రి ఉపాధ్యాయుడు. అంటే తోలు పట్టే ఇంట్లోనే చదువు చెప్పే మనిషి ఉన్నాడు. కొడుక్కి తాత పేరు పెట్టుకున్నాడు, మనం ఇప్పటికీ పెట్టుకుంటున్నట్టే. తన వృత్తిని దాచుకోలేదు, రాతి మీద చెక్కించుకున్నాడు. ఇచ్చింది ఏ మూలనో పెట్టే రాయి కాదు, నీళ్ళూ పూలూ పొంగిపొర్లే నిండుకుండ చెక్కిన పలక, స్తూపానికి మంగళకరమైన బొమ్మ. ఆ పలకకి డబ్బు పెట్టగలిగిన స్తోమత ఉంది. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టి, చదువు వింటే శిక్ష అనే శాస్త్రం కింద బతికిన మనకి ఈ విధికుడు ఎంత దూరంలో, ఎంత దగ్గర్లో ఉన్నాడో చెప్పటం కష్టం.

అంబేద్కర్ 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో, అంటరానివాళ్ళు ఒకప్పటి బౌద్ధులు, బౌద్ధాన్ని వదలనందుకూ గొడ్డుమాంసం మాననందుకూ వెలికి గురయ్యారు అన్నారు. అంటరానితనం పుట్టిన కాలం క్రీ.శ. సుమారు 400 అన్నారు. చాలామంది విశ్వవిద్యాలయ చరిత్రకారులు ఈ సిద్ధాంతాన్ని పక్కకి నెట్టేశారు. ఆధారాలు చాలవు అన్నారు. మేము కూడా అన్ని వివరాల్లో అది నిలబడుతుందని చెప్పలేం. కానీ విధికుడి పలక 400కి ముందుది. ఆ పలకలో తోలుపని ఉంది, అంటు లేదు. అమరావతి దాకా వెళ్ళి చూస్తే అంబేద్కర్ వేసిన కాలం లెక్క అంత తేలిగ్గా కొట్టెయ్యాల్సింది కాదు. అయితే ఒక్క శాసనంతో ఆ రోజుల్లో కులం అసలే లేదని తీర్మానించకూడదు. అదే కాలంలో వైదిక యజ్ఞాలు చేసిన రాజులున్నారు, చాతుర్వర్ణ సంకరాన్ని ఆపానని చెప్పుకున్న శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి ఉన్నాడు. రెండు దారులూ ఒకే నేల మీద పోట్లాడుకుంటున్నాయి. విధికుడు ఒక దారిలో ఉన్నాడు.

తర్వాత ఆ దారి సన్నబడింది. క్రీ.శ. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ వచ్చేనాటికి ఇక్కడి విహారాలు చాలా పాడుబడ్డాయి. అయినా పూర్తిగా పోలేదు. ధరణికోట ఏలిన కోట కేతరాజు 1182లో బుద్ధుడికి దానాలు చేసి శాసనం వేయించాడు. ఆ శాసనం ఇప్పుడు ఉన్నది అమరేశ్వరాలయం స్తంభం మీద. 1234లో ఇంకో దానం ఉంది, బుద్ధుడికి దీపం. 1344 నాటి శ్రీలంక గడలదెణియ శాసనంలో ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో ఒక విగ్రహ గృహాన్ని బాగుచేయించాడని ఉంది. అంటే శంకరాచార్యులు వచ్చి వాదించాడు, బౌద్ధం పారిపోయింది అనే కథ ఇక్కడ చెల్లదు. ఆయన కాలం తర్వాత అయిదారు వందల ఏళ్ళు కూడా ఇక్కడ బుద్ధుడి ముందు దీపం వెలిగింది. దీపాలదిన్నె అనే పేరు ఆ దీపాల జ్ఞాపకమేమో అని మాకనిపిస్తుంది. ఇది మా ఊహే, రుజువు కాదు. కానీ ఒకచోట రాకాసి పేరు పెట్టిన జనమే ఇక్కడ దీపం పేరు పెట్టారు. ఆ తేడాని గమనించాలి.

ఇక ధ్వంసం కథ. దీని మీద చాలామంది రాశారు కాబట్టి మేము ఎక్కువ సాగదియ్యం. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చింతపల్లి నుంచి రాజధాని మార్చుకుని ఇక్కడ కొత్త ఊరు కట్టాడు. ఇటుకా రాయీ కావాలి. దీపాలదిన్నెని తవ్వారు. 1798లో వచ్చి చూసిన కాలిన్ మెకంజీ, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించేనాటికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. చెక్కిన పలకలు మెట్లయ్యాయి, గోడలయ్యాయి, సున్నం బట్టీల్లో కాలిపోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీసిన రాళ్ళు మద్రాసులో ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉండి తర్వాత లండన్ చేరాయి. అక్కడ కూడా గుర్రపుశాలలో పడి ఉంటే 1867లో ఫెర్గూసన్ కంటపడ్డాయి. 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో. ఊళ్ళో మిగిలింది ఇటుకల పునాది, కొన్ని రాళ్ళు, చిన్న మ్యూజియం.

తెల్లవాళ్ళు పట్టుకుపోయారు అనటం మనకి తేలిక. జమీందారు తవ్వించాడు అనేది గొంతు తగ్గించి చెప్తాం. ఎందుకంటే ఆయన కథ ఇక్కడ పుణ్యకథ. అమరేశ్వరుడికి గుడి బాగుచేయించాడు, బంగారు కలశాలు ఎత్తించాడు అని. ఆ పుణ్యం ఎందుకు అవసరమయిందో కూడా జనం చెప్తారు. అడవి నుంచి వచ్చి దోపిళ్ళు చేస్తున్నారని చెంచులని భోజనానికి పిలిచి, నమ్మి వచ్చినవాళ్ళ తలలు నరికించాడనీ, ఆ పాపానికి అన్నం సయించక శివుణ్ణి ఆశ్రయించాడనీ కథ. అమరావతి మండలంలోనే ఉన్న నరుకుళ్ళపాడు పేరు దానివల్లే వచ్చిందని చెప్పుకుంటారు. ఈ కథని ఎప్పుడూ జమీందారు పశ్చాత్తాపం వైపునుంచే చెప్తారు. చనిపోయిన చెంచులకి ఒక్కడికీ పేరు లేదు, రాయి లేదు. మూడువేల ఏళ్ళ కిందట పేరు తెలియని మనిషి చనిపోతే బండలు దొర్లించి వలయం కట్టిన నేల ఇది.

ఇవ్వాళ్టి సంగతి. 2015లో ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధానికి అమరావతి అని పేరు పెట్టారు. అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. అది ఈ అమరావతి కాదు, ఏటికి దిగువన తుళ్ళూరు వైపు. పేరు మాత్రం ఇక్కడిది. బుద్ధుడి బొమ్మలు ప్రభుత్వ కరపత్రాల మీద ఎక్కాయి. ఆ భూసమీకరణలోనే అసైన్డ్ భూమి సాగుచేసుకునే దళిత రైతుకి పట్టా రైతు కన్నా తక్కువ వాటా రాశారు. అంటే బుద్ధుడి ఊరి పేరు పెట్టిన చోట కూడా భూమికి కులం పోలేదు. విధికుడి పలక మీద మాత్రం అతని రాయికీ గృహపతి రాయికీ తేడా లేదు.

రెండో సంగతి శ్మశానం. మన పేటల్లో ఎక్కువమంది పూడుస్తారు, కాల్చరు. పూడ్చటానికి నేల కావాలి. ఊరి శ్మశానం వేరు, పేట శ్మశానం వేరు అనే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. పేట శ్మశానం వాగు ఒడ్డునో, డొంక పక్కనో ఉంటుంది. ఏడాదికో గట్టు లోపలికి జరుగుతుంది, పక్క పొలం పెద్దదవుతుంది. శవాన్ని మోసుకెళ్ళటానికి దారి కోసం తగాదా పడాల్సిన ఊళ్ళు ఎన్నో కార్యకర్తలకి మాకన్నా బాగా తెలుసు. రాతి సమాధుల గురించి మాట్లాడటం పాత ముచ్చట అనుకునే మిత్రులు ఈ రెంటినీ కలిపి చూడాలి. చనిపోయినవాళ్ళకి ఆరడుగుల నేల అనేది ఇక్కడ మూడువేల ఏళ్ళుగా నడుస్తున్న హక్కు, ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు.

మూడోది ఆ రాళ్ళే. చట్టాలు ఉన్నాయి: కేంద్రానిది 1958 నాటిది, రాష్ట్రానిది 1960 నాటిది. కానీ అవి ప్రకటించిన కట్టడాలనే కాపాడతాయి. తెలుగు నేలమీద రాతి వలయాల్లో ఎక్కువ భాగం ఏ జాబితాలోనూ లేవు. అందుకని కంకర మిల్లుకి పోతున్నాయి, చదును చేసే బుల్‌డోజరు కింద పోతున్నాయి. తెలంగాణలో కృష్ణ ఒడ్డునే ఉన్న ముడుమాల నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కాయి. సంతోషమే. కిన్నెరసాని దగ్గర జానంపేట రాతిగూళ్ళ గురించి వందేళ్ళకి పైగా రాస్తున్నారు. పలనాడులో మిగిలిన సమాధుల్ని మాత్రం ఊరూరా తిరిగి లెక్కరాసే పని మనమే మొదలెట్టాలి. పెద్ద చదువు అక్కర్లేదు. ఊళ్ళో ఉపాధ్యాయుడూ పదోతరగతి పిల్లలూ చాలు.

కొన్ని సూచనలు మాత్రం రాస్తున్నాం. వలయం కనిపిస్తే అడుగులు వేసి వెడల్పు కొలవండి, ఎన్ని రాళ్ళో లెక్కపెట్టండి, నాలుగు వైపులనుంచీ ఫొటో తియ్యండి. సర్వే నంబరు రాయండి, పొలం ఎవరిదో, పట్టాయో పోరంబోకో రాయండి. ఊళ్ళో దాన్ని ఏమంటారో అడగండి. ఊరి పెద్దల్ని ఒక్కళ్ళనే కాదు, పశువులు కాసేవాళ్ళనీ, పేటలో ముసలివాళ్ళనీ విడిగా అడగండి. పేర్లు తేడాగా వస్తే రెండూ రాయండి, ఒకటి సరైందని మీరు తేల్చొద్దు. తవ్వొద్దు. గొయ్యి ఒకసారి కదిలితే అందులో కాలం తెలిసే దారి పోతుంది. కుండపెంకు పైన కనిపిస్తే ఉన్నచోటే ఫొటో తీసి అక్కడే వదిలెయ్యండి. రాసిన కాగితం ఒక ప్రతి పురావస్తు శాఖకి పంపండి, ఒక ప్రతి మండల తహసీల్దారుకి ఇచ్చి రసీదు తీసుకోండి, ఇంకో ప్రతి మాకు పంపండి.